ఆరు గుడ్లకు మూడు మూతలు

పొద్దున ఐదున్నరకి ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది మెస్సమ్మే. లేచి చేయడానికి మాత్రం పనేమీ ఉండదు. పక్క సర్దుకుని, మొహం కడుక్కుని, గోడ తడుముకుంటూ పదకొండు అడుగులు వేసి, వంటింటి గుమ్మం బయట తనకోసం వేసిన కుర్చీలో కూర్చుంటుంది. గుమ్మం దాటి లోపలికి వెళ్ళకూడదు. అది కొడుకు పెట్టిన రూలు. పెట్టి రెండేళ్ళయింది.

అసలావిడ ఎవరనుకున్నారు! ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్లో మెస్సు నడిపిన మనిషి. ఏడయ్యేసరికి నూట ఇరవై మంది కంచాల్లో టిఫిను పడాల్సిందే. "మెస్సమ్మా, ఆకలీ!" అని ఒకత్తి మొదలుపెడితే మిగతా నూట పంతొమ్మిది మందీ వంత పాడేవాళ్ళు. ఆ పేరు హాస్టల్ దాటి వీధిలోకి వచ్చి, ఇప్పటికీ వాచ్‌మన్ దగ్గర్నుంచి పాలవాడి దాకా అందరూ ఆవిడని అలాగే పిలుస్తారు.

పని మానేసిన కొన్నాళ్ళకి కళ్ళలో ఒత్తిడి పెరిగింది. చూపు అంచుల్నుంచి మూసుకుంటూ వచ్చి, ఇప్పుడు వెలుగూ నీడా తప్ప మరేమీ తెలియని స్థితికి చేరింది. ఒకరోజు స్టవ్ మీంచి గిన్నె దింపబోతే చేతిలో మసిగుడ్డ అంటుకుంది. కొడుకు ఒక్క ఉదుటున వచ్చి ఆర్పేశాడు. ఎవరికీ ఏమీ కాలేదని అతను చెబితే ఆవిడ ఊపిరి పీల్చుకుంది. ఆ రోజు నుంచి ఆవిడ చోటు ఆ కుర్చీ.

ఆ బుధవారం పొద్దున కూడా అలాగే కూర్చుని, లోపల కోడలు పడుతున్న హైరానా వింటోంది. కోడలు నర్సు. ఒక చేత్తో జుట్టు ముడేసుకుంటూ రెండో చేత్తో పాలు కాస్తోంది. తొమ్మిదేళ్ళ మనవరాలు బూటు ఒకటి దొరక్క ఇల్లంతా గంతులేస్తోంది. నోరు మూసుకుని అరనిమిషం ఉండలేదు కనుక దాన్ని అందరూ చిలక అంటారు.

"ఏమ్మా, బ్రెడ్డు మాడుతోంది," అంది మెస్సమ్మ కుర్చీలోంచి.

"అయ్యో రాత!" అంటూ కోడలు పెనం దింపింది. "అత్తయ్యా, మీ ముక్కు లేకపోతే ఈ ఇల్లు ఏమైపోయేదో!"

కొడుకు బూట్లు వేసుకుంటూ నవ్వాడు. అతను లిఫ్ట్ మెకానిక్. ఆరుంపావుకల్లా బయటపడాలి. కోడలు అదే అదను చూసుకుని గొంతు సవరించుకుంది.

"నిన్న మేట్రన్ పిలిచారండీ. వార్డు ఇన్‌చార్జిగా నన్నే వెయ్యాలనుకుంటున్నారట. పదకొండేళ్ళకి! కాకపోతే డ్యూటీ పొద్దున ఆరింటికి. సోమవారంలోగా ఏదో ఒక మాట చెప్పమన్నారు."

"ఆరింటికా? అంటే నువ్వు ఐదున్నరకి, నేను ఆరుంపావుకి. చిలక వ్యాను ఏడున్నరకి. దానికి ఎవరు పెడతారు, ఎవరు పంపుతారు? ఇంట్లో ఎవరూ లేకుండా ఎలా కుదురుతుంది?"

అతని అమ్మ మూడడుగుల దూరంలో కూర్చునే ఉంది. అతను ఆ మాట కోపంగా అనలేదు, వెటకారంగా అనలేదు, మామూలుగా అన్నాడు. అందుకే ఆవిడకి ఎక్కువ తగిలింది. తల కొట్టేసినట్టయింది. కోడలు అత్తగారి మొహం వంక చూసింది.

*

ఆ సాయంత్రం కోడలు ఒక అట్టపెట్టెతో వచ్చింది. పెట్టెలోంచి తీసి అత్తగారి ఒళ్ళో పెట్టింది. మెస్సమ్మ వేళ్ళతో తడిమింది. కింద వెడల్పాటి ఇనప పళ్ళెం, దాని మీద ఆరు గుంటల తట్ట, పైన బోర్లించిన గిన్నెలాంటి మూత, పక్కన ఒక చిన్న కప్పు.

"గుడ్లు ఉడికించే కరెంటు కుక్కరు అత్తయ్యా. మంట లేదు, పొయ్యి లేదు. కప్పుతో నీళ్ళు పోసి, గుడ్లు పెట్టి, మూతేసి, స్విచ్చి వేస్తే చాలు. నీళ్ళు ఆవిరైపోగానే అదే కుయ్యిమని మోగుతుంది."

"కప్పు కింద ఈ ముల్లేంటమ్మా? గుచ్చుకుంది."

"గుడ్డు వెడల్పు వైపు ఓ చిన్న బెజ్జం పెట్టాలిట. పగలకుండా."

మెస్సమ్మ ఒక గుడ్డు తీసుకుంది. రెండేళ్ళ తరువాత చేతిలో గుడ్డు! బొటనవేలితో వెడల్పు వైపు వెతికి, ముల్లు మీద ఆనించి, చిటుక్కుమనిపించింది. కోడలు కప్పు నిండా నీళ్ళు పట్టి ఇచ్చింది. పళ్ళెంలో పోసి, గుడ్డు పెట్టి, మూతేసి, ఇద్దరూ చిన్నపిల్లల్లా చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. పావుగంటకి కుయ్యిమంది. వలిచి సగం సగం తిన్నారు.

"పచ్చసొన సరిగ్గా ఉడికింది," అంది మెస్సమ్మ. "ఏమ్మా, నువ్వు డ్యూటీకి వెళ్ళు. చిలక సంగతి నేను చూసుకుంటాను."

"ముందు మీ అబ్బాయిని ఒప్పించాలి కదా."

"వాణ్ణి ఒప్పించడానికి మాటలెందుకు? రేపు పొద్దున వాడు లేచేసరికి బల్ల మీద గుడ్లుంటాయి, చూసుకో!"

అక్కడే వచ్చింది చిక్కంతా. ముప్ఫై ఏళ్ళు మెస్సు నడిపిన మనిషికి మనసులో ఒక లెక్క ఉంటుంది. మనుషులు పెరిగితే బియ్యం పెరుగుతాయి, బియ్యం పెరిగితే నీళ్ళు పెరుగుతాయి. ఒక గుడ్డుకి కప్పుడు నీళ్ళయితే ఆరు గుడ్లకి ఎన్ని? ఆరు కప్పులు కాకపోయినా, కనీసం పళ్ళెం నిండా అయినా ఉండాలి కదా! పెట్టెలో ఇచ్చిన చిన్న పుస్తకాన్ని చదివించుకోవాలన్న ఆలోచనే ఆవిడకి రాలేదు. గుడ్లు ఉడకబెట్టడం ఎలాగో ఆవిడకి పుస్తకం చెప్పడమా!

గురువారం ఐదింటికే లేచి, గుమ్మం దాటి, ఆరు గుడ్లు పెట్టి, పళ్ళెం అంచుదాకా నీళ్ళు పోసి స్విచ్చి వేసింది. పావుగంటయింది. మోగలేదు. అరగంటయింది. మోగలేదు. లోపల కుతకుతమని ఒకటే మరుగు. మూత ఎగిరెగిరి పడుతోంది. వేడినీళ్ళు పొంగి గట్టు మీద పారి, స్విచ్చిబోర్డు వైపు నడిచాయి. ఆవిడకి పాదం మీద చుక్కలు పడేదాకా తెలియలేదు.

"అమ్మా! కదలకు! అక్కడే ఉండు!"

కొడుకు వచ్చి మెయిన్ కట్టేశాడు. ఇల్లంతా చీకటైపోయి చిలక ఏడుపు అందుకుంది. అతను గట్టంతా పొడిగుడ్డతో తుడుస్తూ రొప్పుతున్నాడు. ఆ ఆరు గుడ్లూ రబ్బరు బంతుల్లా తయారయ్యాయి. సొనల చుట్టూ ఆకుపచ్చ గీత పడింది.

"ఇదంతా ఎవరు తెచ్చిపెట్టారు? నువ్వేనా?" అని భార్య మీద విరుచుకుపడ్డాడు. "తడి చేత్తో ఆ స్విచ్చి ముట్టుకుని ఉంటే? మేట్రన్‌కి ఈరోజే ఫోన్ చేసి కుదరదని చెప్పెయ్. ఇంట్లో చూసుకునేవాళ్ళు ఎవరూ లేరని చెప్పు!"

"ఎవరూ లేరా?" అంది మెస్సమ్మ.

ఆవిడ గొంతు పెంచలేదు. అయినా కొడుకు చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"నిన్న కూడా అదే అన్నావు. నేను పక్కనే ఉన్నాను. ఎవరూ లేరంటే మరి నేనెవర్నిరా? ఆ కుర్చీ ఎలాగో నేనూ అలాగేనా? పొద్దున వేసి, రాత్రికి తీసి పక్కన పెట్టడానికి?"

"అమ్మా, నా ఉద్దేశం అది కాదు—"

"నీ ఉద్దేశం ఏదైనా కానీ, ఈ పిల్ల పదకొండేళ్ళ కష్టం నా కళ్ళ మూలంగా నేలపాలైతే నేను తిన్నది అరగదు. తప్పు చేశాను. ఒప్పుకుంటున్నాను. హాస్టల్లో కొత్తగా చేరిన వంటపిల్లలు ఎంతమంది ఎన్నిసార్లు అన్నం మాడ్చలేదు! ఒక్కర్నయినా మరునాడు కుర్చీలో కూర్చోబెట్టానా? మళ్ళీ గరిటె చేతికిచ్చాను. ఆదివారం దాకా నాకు టైమివ్వు."

"వద్దమ్మా. నా మాట విను."

"మేట్రన్ సోమవారం దాకా ఇచ్చారు," అంది కోడలు, గట్టిగా. "అప్పటిదాకా నేను ఫోన్ చెయ్యను. మీరేం చేసుకుంటారో చేసుకోండి."

అతను ఇద్దరి వంకా చూశాడు. బూట్ల తాళ్ళు కూడా కట్టుకోకుండా విసవిసా వెళ్ళిపోయాడు.

*

సాయంత్రం చిలక బడినుంచి రాగానే నానమ్మ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ పుస్తకం తీసి చదువు. ఒక్క ముక్క వదలకుండా."

చిలక బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు గొంతెత్తి చదివింది. "ఒక గుడ్డుకు, పై గీత వరకు నీళ్ళు. మూడు గుడ్లకు, నడిమి గీత వరకు. ఆరు గుడ్లకు, అడుగు గీత వరకు."

"తిరగేసి చదువుతున్నావు."

"లేదు నానమ్మా! ఇలాగే ఉంది. బొమ్మ కూడా ఉంది!"

"అయితే అచ్చుతప్పు అయ్యుంటుంది. ఆరు గుడ్లకి తక్కువ నీళ్ళేంటి? నూట ఇరవై మందికి వండినదాన్ని, నాకు పాఠాలు చెప్పడానికి వచ్చింది ఈ పుస్తకం!"

"నానమ్మా, నువ్వు పొద్దున ఎక్కువ పోశావు కదా, అది పొంగింది కదా?"

నానమ్మ మూతి ముడుచుకుంది. అప్పటికి కోడలు డ్యూటీ దిగి వచ్చింది. ముగ్గురూ వంటింట్లోకి వెళ్ళారు. కోడలు అడుగు గీత దాకా మాత్రమే నీళ్ళు పట్టింది. ఆరు గుడ్లు పెట్టారు. "ఇవి చచ్చినా ఉడకవు," అంటూనే మెస్సమ్మ మూత వేసింది. వేసి, మూత పక్కన చెవి పెట్టి వింటూ నిలబడింది.

చుయ్యిమని మరుగు మొదలైంది. తరువాత దాని మధ్యలో ఇంకో చప్పుడు వినబడింది. టప్. టప్. మళ్ళీ టప్. ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ష్! విను. నీళ్ళు కారుతున్నాయి. ఆవిరి చల్లటి గుడ్డుకి తగిలి మళ్ళీ నీళ్ళై పళ్ళెంలోకే పడుతోంది. పడ్డది మళ్ళీ కాగుతోంది. ఒక్క గుడ్డుంటే తగిలే చోటు తక్కువ, ఆవిరి దారిన ఆవిరి పోతుంది. ఆరుంటే ఆరింటి మీంచీ కారుతుంది! అందుకే పోసేది తక్కువ. ఓసి దీని తెలివి తగలెయ్యా!"

కుయ్యిమంది. వలిచి చూస్తే ఆరింటికి ఆరూ సరిగ్గా ఉడికాయి. మెస్సమ్మ పకపకా నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగేంతగా నవ్వింది. తెలుసుననుకున్నదే తనని ముంచిందని పైకే అనేసింది, మనవరాలి ముందు చిన్నతనం అనుకోలేదు.

ఇక గీతల సమస్య. కప్పు మీద గీతలు ఆవిడ వేళ్ళకి అందవు. పిల్ల బడికెళ్ళే హడావుడిలో దాన్ని పిలిచి గీత చూడమనడం ఆవిడకి ఇష్టం లేదు. "ఎవరి సాయమూ లేకుండా చెయ్యగలిగితేనే చేసినట్టు," అంది. కోడలు ఆలోచించి మందుల డబ్బాలోంచి దగ్గుమందు సీసా మూత ఒకటి తెచ్చింది. నిండా పట్టి, అంచు మీద వేలు పెడితే తడి తగులుతుంది. లెక్క కట్టి చూశారు. ఒక గుడ్డుకి ఐదు మూతలు. మూడింటికి నాలుగు. ఆరింటికి మూడు.

శుక్రవారం, శనివారం కొడుకు ఇంట్లో లేనప్పుడు కోడలి ఎదురుగా సాధన సాగింది. మొదట స్విచ్చి వెయ్యకుండా పదిసార్లు. నీళ్ళు పోయడం, చేతులు తుడుచుకోవడం, అప్పుడు మాత్రమే స్విచ్చి. మోగాక స్విచ్చి కట్టడం, ప్లగ్గు లాగడం, మూతని తనకి అవతలి వైపు ఎత్తడం, తట్టని రెండు పక్కల పిడులూ పట్టుకుని చన్నీళ్ళ గిన్నెలో దింపడం. తరువాత స్విచ్చి వేసి. ఆ రెండు రోజులూ ఇంట్లో ఉదయం గుడ్లు, సాయంత్రం గుడ్లు. చిలక చేతులెత్తి దండం పెట్టింది.

*

ఆదివారం పొద్దున కొడుకుని బల్ల దగ్గర కూర్చోబెట్టింది కోడలు.

"కంచం మీ ముందుకి వచ్చేదాకా లేవకూడదు. మాట్లాడకూడదు. లేచారా, మీరు ఓడిపోయినట్టే. రేపు నేను మేట్రన్‌కి సరేనని చెప్పేస్తాను. కూర్చుని అంతా చూశాక కూడా మీరు వద్దంటే, కుదరదని చెప్తాను."

"ఇదేం పందెం!" అని గొణిగి, అతను రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. లేకపోతే అవి వాటంతటవే లేచేలా ఉన్నాయి.

మెస్సమ్మ గుమ్మం దాటింది. చిటుక్, చిటుక్ అని ఆరు గుడ్లకీ బెజ్జాలు పెట్టింది. ఒకటి, రెండు, మూడు మూతలు పోసింది. చేతులు తుడుచుకుంది. వేళ్ళు ఒకదానికొకటి రాసి పొడిగా ఉన్నాయో లేదో చూసుకుని మరీ స్విచ్చి వేసింది. కొడుకు ఆ రాయడం చూశాడు. కంటి రెప్ప వెయ్యలేదు.

ఐదు నిమిషాలు గడిచాయి. మరుగు అందుకుంది. అంతలో తిరుగుతున్న ఫ్యాను మూలిగి నెమ్మదించింది. ఫ్రిజ్ గురక ఆగింది. కరెంటు పోయింది!

ఇది ఎవరూ సాధన చెయ్యలేదు.

కొడుకు కుర్చీ కిర్రుమంది. "అమ్మా, ఆ స్విచ్చి—"

"కట్టేశాను. కూర్చో," అంది మెస్సమ్మ.

నిజంగానే కట్టేసింది. అతను నోరు తెరిచేలోపే ఆవిడ వేలు స్విచ్చి మీద ఉంది. అతను మెల్లగా కూర్చున్నాడు. అతని పనిలో చేరిన మొదటి రోజు నేర్పేది అదే. కరెంటు పోతే ముందు స్విచ్చి కట్టు, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అది ఆవిడకి ఎవరూ నేర్పలేదు. తనతో పనిచేసే కళ్ళున్న మెకానిక్కుల్లోనే సగం మందికి ఎంత చెప్పినా గుర్తుండదు.

"మూత తియ్యను. వేడి లోపలే ఉంటుంది," అంది ఆవిడ, తనలో తను అనుకున్నట్టు. చిలక ఊపిరి బిగబట్టుకుంది. పుట్టిన తరువాత అది అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలు.

పది నిమిషాలకి ఫ్రిజ్ మళ్ళీ గురక పెట్టింది. ఆవిడ తొందరపడలేదు. ఫ్యాను ఒక ఊపు అందుకునేదాకా ఆగి, అప్పుడు స్విచ్చి వేసింది. చుయ్యిమంది. టప్ టప్ మంది. చివరికి కుయ్యిమని మోగింది. స్విచ్చి, ప్లగ్గు, మూత, తట్ట, చన్నీళ్ళు. ఒక్కటి తప్పలేదు. వలిచిన గుడ్డు ఒకటి అరచేతిలో పెట్టుకుని, బల్ల దాకా నాలుగడుగులు వేసి వచ్చింది.

"చెయ్యి పట్టు."

అతను ఎడమ చెయ్యి చాపాడు.

"కుడి చెయ్యిరా. తినేది ఏ చేత్తో?"

అతను కాస్త తటపటాయించి కుడి చెయ్యి చాపాడు. గుడ్డు పెట్టబోయిన ఆవిడ వేళ్ళు అతని అరచేతి మీద ఆగిపోయాయి. మామూలు చర్మం కాదది. అరచెయ్యంతా ముడతలు పడి, బిరుసెక్కి, బొటనవేలి మొదట్లో గట్టు కట్టి ఉంది. రెండేళ్ళుగా వాడు తనకి ఎడమ చెయ్యే ఎందుకు అందిస్తున్నాడో ఆవిడకి అప్పుడు అర్థమైంది.

"ఏం కాలేదన్నావు కదరా," అంది. "ఆ మంట వట్టి చేత్తో ఆర్పావా?"

"చెప్తే నువ్వు బాధపడతావని అమ్మా." అంత మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు. "నిన్ను పనికిరావనుకుని కాదు కుర్చీలో కూర్చోబెట్టింది. నాకు భయం. లిఫ్టు తాడు పట్టుకుని పదంతస్తుల ఎత్తులో వేలాడతాను, అప్పుడు రాదు. నువ్వు పొయ్యి దగ్గరికి వెళ్తావేమో అనుకుంటే చాలు, చేతులు వణుకుతాయి. ఎవరూ లేరు అన్నాను. తప్పు మాట. ఆ మాట అన్నందుకు నన్ను కొట్టు."

"కొడితే గుడ్డు కిందపడుతుంది. తిను ముందు."

ఆవిడ అతని తల తన పొట్టకి హత్తుకుంది. ఆ భయాన్ని ఇన్నాళ్ళూ అలుసు అనుకున్నందుకు ఆవిడా ఏడ్చింది. కోడలు కళ్ళు తుడుచుకుంటూ ఫోను తీసింది. సోమవారం దాకా ఆగలేదు. "మేడమ్, నేనేనండీ. ఎప్పుడు చేరమంటారు? మంగళవారమా? తప్పకుండా! మా ఇంట్లో అన్నీ మా అత్తగారు చూసుకుంటారు!" అని గదంతా వినబడేలా చెప్పింది. చిలక బల్ల చుట్టూ గెంతుతూ మూడు రౌండ్లు కొట్టింది.

*

మంగళవారం ఐదున్నరకి ఇన్‌చార్జి సిస్టరు డబ్బాలో ఒక గుడ్డు, రెండు బ్రెడ్డు ముక్కలు పెట్టుకుని, అత్తగారి బుగ్గ మీద ముద్దు పెట్టి మెట్లు దిగిపోయింది. ఆరుంపావైంది. కొడుకు తినేశాడు, బూట్లు వేసుకున్నాడు, సంచీ భుజాన వేసుకున్నాడు. తలుపు దగ్గరికి వెళ్ళి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు.

"ఏం పోయింది?" అంది మెస్సమ్మ.

"ఏం లేదమ్మా. చిలక వ్యాను వచ్చేదాకా ఉండి వెళ్దామనీ..."

"ఎక్కడో ఎవరో లిఫ్టులో ఇరుక్కుని నీ కోసం తలుపులు బాదుతుంటారు. నువ్విక్కడ నిలబడి నన్ను కాపలా కాస్తే వాళ్ళని ఎవరు దింపుతారు? నా పని నేను చేసుకుంటాను. నీ పని నువ్వు చూసుకో. నడు!"

అతను నవ్వాడు. ఈసారి కుడి చేత్తోనే ఆవిడ చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి, వెళ్ళాడు. బూట్ల చప్పుడు ఆగకుండా కింది దాకా దిగింది.

ఏడున్నరకి వ్యాను హారను కొట్టింది. చిలక పాలు తాగి, గుడ్డు తిని, జడ సరిగ్గా ఉందో లేదో నానమ్మ వేళ్ళతో చూపించుకుని పరుగెత్తింది. వాచ్‌మన్ కిందినుంచి "ఎక్కింది మెస్సమ్మా!" అని కేకేశాడు. ఆవిడ కిటికీలోంచి చెయ్యి ఊపి, తలుపు గడియ వేసుకుని వచ్చింది.

రెండేళ్ళలో ఆవిడ చేతి తిండి తిని ఇంటిల్లిపాదీ బయటికి వెళ్ళడం అదే మొదటిసారి. గుమ్మం బయటి కుర్చీని బరబరా ఈడ్చుకుంటూ వంటింట్లోకి తెచ్చి, గట్టు పక్కన వేసుకుంది. మిగిలిన గుడ్డు వలుచుకుని, ఉప్పు అద్దుకుని, తాపీగా కూర్చుని తింది. ఇంటిల్లిపాదికీ పెట్టి పంపించాక ఆఖరున తను తినడం ముప్ఫై ఏళ్ళ అలవాటు. అది మళ్ళీ చేతికొచ్చింది. ఆవిడకి ఆనందం పట్టలేక ఆ ఖాళీ ఇంట్లో గట్టిగా నవ్వొచ్చింది.